గట్టిగా చేస్తే సరిపోదు: కిట్ విమానాల పార్టుల గురించి

(నెల్లూరులో మెకానికల్ డిప్లొమా విద్యార్థులకు, లేత్ వర్క్‌షాపులు నడిపేవారికి ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అక్షరరూపంలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

మన వర్క్‌షాపుల్లో ఒక అలవాటుంది. రొయ్యల గుంట నుంచి రైతు ఏరేటర్ ఫ్రేము పట్టుకొస్తాడు, యాంగిల్ విరిగిందంటాడు. పాతది 5 ఎమ్మెమ్ ఉంటే మనం 6 వేస్తాం. మూలన ఒక గస్సెట్ ముక్క పెట్టి వెల్డింగ్ కొడతాం. లారీ బాడీ కింద క్రాస్ మెంబర్ పగిలిందా, పక్కనే ఇంకో పట్టీ. రైతుకూ సంతోషం, లారీ ఓనరుకూ సంతోషం, మళ్లీ ఆర్నెల్లకు తిరిగి రాకపోతే మనకు పేరు. ‘ఆయన చేస్తే గట్టిగా చేస్తాడు’ అంటారు. ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ మన లైన్లో లేదు.

విమానం దగ్గరికొచ్చేసరికి ఈ అలవాటే మనకు అడ్డం. ఈ పూట నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కిట్ విమానం అంటే ఏందో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్లకోసం ఒక సంఘం పెట్టాడు, ఈఏఏ అంటారు. ఏటా జులైలో ఆష్‌కాష్ అనే ఊళ్లో వాళ్ల జాతర జరుగుతుంది. అక్కడి నియమం ప్రకారం విమానంలో సగానికన్నా జాస్తి పని కట్టుకునేవాడే చెయ్యాలి, అదీ నేర్చుకోడానికో సరదాకో చెయ్యాలి. 51 శాతం రూలు అని వాడుకలో పిలుస్తారు. అట్టా కట్టిన విమానం మీద ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని రాసి ఉంటుంది, ఎక్కేవాడికి తెలియాలి గదా. కిట్లు అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆరెగాన్ రాష్ట్రంలో వ్యాన్స్ కంపెనీ ఉంది. వాళ్ల ఆర్వీ వరస విమానాలు ఇప్పటికి 11 వేలకు పైగా జనం కట్టి ఎగరేశారు. దక్షిణాఫ్రికాలో స్లింగ్, మిస్సోరీలో జెనిత్. పెట్టెలు ఇంటికొస్తాయి. రేకులు, రెక్క లోపలి ఎముకల్లాంటి రిబ్బులు, స్పార్లు, ముందే బెజ్జాలు పొడిచి ఉంటాయి. గ్యారేజీలో కూర్చుని రివెట్లు కొట్టుకోవడమే.

అన్నీ పెట్టెలోనే వస్తే మనకేం పని? అక్కడే ఉంది అసలు సంగతి. ఏ ఇద్దరు కట్టినా ఒకేలాంటి విమానం రాదు. ఒకడికి పెద్ద స్క్రీను కావాలి, ప్యానెల్ వేరే కొయ్యాలి. ఒకడు ఆరడుగుల మూడంగుళాలుంటాడు, పెడల్స్ వెనక్కి జరగాలి. ఒకడు కంపెనీ చెప్పిన ఇంజన్ కాకుండా వేరేది పెడతాడు, ఇక ఆయిల్ కూలర్, ఎయిర్ డక్టు, కేబుల్ బ్రాకెట్లు అన్నీ మళ్లీ గీసుకోవాలి. పెట్టెలో రానిదంతా ఎవరో ఒకరు డిజైన్ చెయ్యాలి, ఎవరో ఒకరు కొయ్యాలి. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఇట్టాంటిది కట్టడం మొదలుపెట్టాక ఫోను చేసి ‘మావయ్యా, ఈ బ్రాకెట్ ఎట్టా గీయాలి’ అని అడగడం, నేను ఇక్కడ గీసి, కోసి, పంపడం, అట్టా నాకీ పిచ్చి పట్టుకుంది.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మనం ఎక్కి హైదరాబాద్ పోయే విమానంలో, ఫ్లయింగ్ స్కూలు సెస్నాలో, అనుమతి లేని పార్టు ఒక్క స్క్రూ కూడా పెట్టడానికి లేదు. ఎక్స్‌పెరిమెంటల్ విమానంలో మన లేత్ మీద చేసింది పెట్టొచ్చు. పెట్టొచ్చు అంటే ఎవరూ చూడరని కాదు, బాధ్యత మొత్తం కట్టినవాడి నెత్తిన ఉంటుందని.

మనకూ విమానాలకూ చుట్టరికం లేదనుకోకండి. పాతకాలం విమాన ఇంజన్ల స్పార్క్ ప్లగ్గుల్లో ఇన్సులేషన్‌కు మైకా వాడేవాళ్లు. మన గూడూరు గనుల మైకా ఓడలెక్కి సీమలకు పోయిన రోజులవి. సరే, అది వేరే కథ.

ఇదిగో, ఈ ముక్క చూడండి. ముందు వరసలోవాళ్లు చేతికి తీసుకుని వెనక్కి పంపండి. ఇది ఆయిల్ కూలర్ బ్రాకెట్. ఇంజన్‌కూ మనుషులకూ మధ్య ఫైర్‌వాల్ అని ఒక గోడ ఉంటుంది, దాని మీద కూలర్ నిలబెట్టడానికి. కూలర్, అందులో నూనె, ఫిట్టింగులు కలిపి కిలోన్నర అనుకోండి. పల్టీలు కొట్టే విమానానికి 6 జీ వరకూ లెక్క వేస్తారు, అంటే బరువు ఆరింతలు అయినట్టు. 9 కిలోలు. దాని మీద 1.5 భద్రతా గుణకం. పదమూడున్నర కిలోలు. అంతే! మన కుర్రాళ్లకు ఈ లెక్క చూపిస్తే నవ్వొస్తుంది. పదమూడు కిలోలకు ఇంత రాద్ధాంతమా అంటారు. 1.5 గుణకం కూడా వింతే మనకు. క్రేన్ హుక్కుకు, లిఫ్టు తాడుకు ఎన్నింతలు పెడతామో మీకు తెలుసు. విమానంలో అంత పెడితే అది నేల మీదనుంచి లేవదు. అందుకని గుణకం తక్కువ పెట్టి, లెక్కనూ మెటీరియల్‌నూ పనితనాన్నీ కచ్చితంగా ఉంచుతారు. మన దగ్గర తారుమారుగా ఉంటుంది, లెక్క ఉజ్జాయింపు, మందం ధారాళం.

సరే, పదమూడు కిలోలే గదా, మరి బ్రాకెట్లు ఎందుకు పగులుతాయి? పగులుతాయి. కిట్ విమానాల్లో ఆయిల్ కూలర్ దగ్గర రేకు పగుళ్లు బాగా తెలిసిన జబ్బు. కారణం బరువు కాదు, అదురు. నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజన్, 2700 ఆర్పీఎమ్, ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్ షాఫ్టుకే. నిమిషానికి 2700 అంటే సెకనుకు 45 చుట్లు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి చుట్టుకు రెండు పేలుళ్లు. సెకనుకు 90 దెబ్బలు. గంటకు 3 లక్షల 24 వేలు. వంద గంటలు తిరిగేసరికి 3 కోట్ల పైచిలుకు. కట్టుతీగను ప్లయర్ లేకుండా ఎట్టా తెంపుతాం? అటూ ఇటూ వంచి. ఇక్కడ జరిగేదీ అదే, కాకపోతే వంపు కంటికి కనపడదు. ఇంకో మెలిక ఉంది. ఉక్కుకు ఒక హద్దుంది, ఒత్తిడి ఆ హద్దు కిందే ఉంటే ఎన్ని కోట్ల దెబ్బలైనా ఓర్చుకుంటుంది. అల్యూమినియంకు అట్టాంటి హద్దు లేదు. చిన్న దెబ్బలైనా లెక్కలో పడుతూనే ఉంటాయి.

ఇప్పుడు మన అలవాటు ప్రకారం చేద్దాం. ‘అదురుకు పగులుతోందా, 5 ఎమ్మెమ్ ఎమ్మెస్, అంటే మామూలు ఉక్కు, ప్లేట్ వేద్దాం.’ 150కి 100 కొలతల ముక్క 5 ఎమ్మెమ్ ఎమ్మెస్‌లో 590 గ్రాములు తూగుతుంది. అదే ముక్క 1.6 ఎమ్మెమ్ అల్యూమినియంలో 67 గ్రాములు. సరే, అర కిలో పోతే పోయింది అనుకుందాం. బ్రాకెట్ పగలదు, ఒప్పుకుంటాను. మరి ఆ అదురు ఎటు పోతుంది? బ్రాకెట్ వంగదు కాబట్టి మొత్తం తీసుకెళ్లి ఫైర్‌వాల్‌కు అప్పజెప్తుంది. ఫైర్‌వాల్ ఏందీ, దాదాపు 0.4 ఎమ్మెమ్ స్టెయిన్‌లెస్ రేకు. బోల్టు చుట్టూ ఆ రేకు పగులుతుంది. పైగా మనం కలిపిన అర కిలో కూడా సెకనుకు 90 సార్లు దాన్నే లాగుతుంటుంది. అరవై రూపాయల పార్టును కాపాడి, విప్పాలంటే ఇంజన్ దించాల్సినదాన్ని పగలగొట్టాం.

అందుకని డిజైన్ చేసేటప్పుడు నా మొదటి ప్రశ్న ‘ఇది ఎంత గట్టిగా ఉండాలి’ అని కాదు. ‘ఇది విరిగితే ఏమవుతుంది, విరక్కపోతే పక్కదానికి ఏమవుతుంది’ అని. కూలర్ బ్రాకెట్ విరిగితే హోసు తెగొచ్చు, నూనె పోవచ్చు, ఇంజన్ పట్టేయొచ్చు. కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే పార్టు కాదు. కెమెరా స్టాండు విరిగితే కెమెరా ఒళ్లో పడుతుంది, అంతే. కానీ ఆ కెమెరా కంట్రోల్ స్టిక్ పక్కన పడి ఇరుక్కుంటే? చూశారా, అప్పుడు కెమెరా స్టాండు కూడా ప్రాణం మీదికొచ్చే పార్టే.

మరి ఆ బ్రాకెట్‌ను ఎట్టా చెయ్యాలి? మందం బదులు ఆకారం. అంచున 15 ఎమ్మెమ్ మడత వేస్తే రేకు లేచి నిలబడుతుంది. మందం రెండింతలు చేస్తే బరువూ రెండింతలే, మడతకు పడే బరువు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. రెండోది, ఫైర్‌వాల్ వెనక బలానికి డబ్లర్ అనే రెండో రేకు, వీలైతే గోడ వంగకుండా అక్కడున్న స్టిఫ్నర్ యాంగిల్‌కే బోల్టులు పట్టేలా బెజ్జాలు. బలం ఒక చోట గుచ్చుకోకుండా నాలుగు దిక్కులా పరుచుకోవాలి.

మెటీరియల్ సంగతి రవంత జాస్తి చెప్తాను, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. ఈ ముక్క 2024-టీ3. సంవత్సరం కాదు, రాగి కలిసిన అల్యూమినియం రకం అది. తెగేదాకా లాగితే చదరపు మిల్లీమీటరుకు 480 న్యూటన్ల దాకా ఓరుస్తుంది. 6061-టీ6 అయితే 310 దగ్గర. మన ట్రంకు రోడ్డు మీద అల్యూమినియం కిటికీలు చేసే షాపుల్లో దొరికే సెక్షన్ 6063, అది ఇంకా మెత్తన. మూడూ చూడ్డానికి తెల్లగా ఒకేలా మెరుస్తాయి! షాపువాడు ‘ఇది విమానం గ్రేడే అన్నా’ అని ఒట్టేసి చెప్తాడు. రేకు మీద వరసగా గ్రేడు అచ్చు వేసి ఉందా, మిల్లు సర్టిఫికెట్ ఉందా, ఆ సర్టిఫికెట్ మీది బ్యాచ్ నంబరూ రేకు మీది నంబరూ ఒకటేనా, ఇవి చూడాలి. లేకపోతే మద్రాసు పోయి వెతకండి, దొరకదా, పార్టు చెయ్యకండి. దీనికి మధ్యేమార్గం లేదు.

ఈ 2024కి రెండు అవలక్షణాలున్నాయి. ఒకటి, మామూలు పద్ధతుల్లో వెల్డింగ్ పనికిరాదు, వేడి తగిలిన చోట బలం పోతుంది. అందుకే రివెట్లు. రెండోది, ఉప్పుగాలికి తొందరగా తినేస్తుంది. అందుకని రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర పల్చగా అంటించి అమ్ముతారు, ఆల్‌క్లాడ్ అంటారు. ఆ పొరే దానికి రక్షణ. ఇప్పుడు మనవాడు మార్కింగ్‌కు ఏం చేస్తాడు? స్క్రైబర్ తీసి గీత గీస్తాడు. పొర తెగింది, పైగా ఆ గీతలోనుంచే పగులు మొదలవుతుంది. పోనీ పెన్సిల్ వాడదామా? పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటు. తేమ తగిలితే అల్యూమినియంతో కలిసి తుప్పుకు దారి చేస్తుంది. సన్న మొన మార్కర్ వాడండి, పని అయ్యాక తుడిచెయ్యండి. సముద్రం ఒడ్డున మైపాడు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అల్యూమినియం ప్లేటులో స్టెయిన్‌లెస్ బోల్టు వేసి ఏడాది తర్వాత విప్పబోతే బోల్టు చుట్టూ తెల్లటి పిండి రాలుతుంది. తినేది అల్యూమినియంనే, బోల్టు నవ్వుతూ ఉంటుంది. విమానానికీ అదే గాలి, అదే ఉప్పు. జింక్ క్రోమేట్ లాంటి ప్రైమర్ వెయ్యకుండా రెండు లోహాలు ఆనించొద్దు. కార్బన్ ఫైబర్ పక్కన అల్యూమినియం అయితే మరీ అన్యాయం, మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర పెట్టాల్సిందే.

ఇక వంచడం. బెంచ్ వైస్ దవడలకు పట్టి సుత్తితో కొట్టడం మనకు తెలిసిన పద్ధతి. 2024ను అట్టా వంచితే మడత బయటి వైపు సన్న పగుళ్లు పడతాయి, భూతద్దం పెడితే గానీ కనపడవు. లోపలి వ్యాసార్ధం కనీసం మందానికి మూడింతలు ఉండాలి, నేను నాలుగు తీసుకుంటాను. 1.6 రేకుకు 6.4 ఎమ్మెమ్. దవడకూ రేకుకూ మధ్య ఆ గుండ్రం ఉన్న బ్లాకు పెట్టండి, ఒక గంటలో మిల్లింగ్ చేసుకోవచ్చు. రేకును మిల్లులో రోలర్ల మధ్య ఏ దిశలో లాగారో, వంపు గీత దానికి అడ్డంగా పడాలి, దాని వెంబడి కాదు. మడత తీసుకునే పొడవు కూడా లెక్క కట్టాలి. 90 డిగ్రీల మడతకు, ఈ వ్యాసార్ధంతో, 11 ఎమ్మెమ్ చిల్లర పోతుంది. రెండు మడతలు కలిసే మూల ఉంటే కొయ్యకముందే అక్కడ ఒక బెజ్జం వెయ్యండి, లేకపోతే చీలుతుంది.

వీటన్నిటికన్నా ముందు అట్టముక్కతో చేసి చూడండి. మా ఇంట్లో వచ్చిన పెళ్లిపత్రికలన్నీ ఇట్టాగే బ్రాకెట్లయిపోతాయి. మా ఆవిడ ముహూర్తం టైము చూద్దామని వెతికితే మడతలు పెట్టిన అట్ట దొరుకుతుంది. కంప్యూటర్లో అన్నీ సరిపోతాయి, అట్ట పెట్టి చూస్తే స్పానర్ తిరగడానికి చోటుండదు.

బెజ్జాలు, అంచులు. అమెరికా డ్రాయింగులు అంగుళాల్లో ఉంటాయి, డ్రిల్లులు నంబర్లతో పిలుస్తారు. అంగుళంలో ఎనిమిదో వంతు రివెట్‌కు 30 నంబరు డ్రిల్లు, అంటే మన లెక్కలో 3.26 ఎమ్మెమ్. 3.5 బిట్టు చేతికి దొరికింది గదా అని వేశారో, రివెట్ బెజ్జంలో సరిగా నిండదు. బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు రివెట్ వ్యాసానికి కనీసం రెండింతల దూరం ఉండాలి, ఇక్కడ 6.35 ఎమ్మెమ్. కొట్టాక వెనక వచ్చే తల వెడల్పు ఒకటిన్నర వ్యాసం, ఎత్తు అర వ్యాసం. దానికి గేజి ఉంటుంది, లేకపోతే వెర్నియర్ పెట్టండి, కంటితో చూసి సరే అనొద్దు. అంచులకు ఆకురాయి పట్టాక గీతలు అంచు వెంబడే ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. ఇందాక మీకు పంపిన ముక్క అంచు వేలితో తడిమారా? చాకు గీరినట్టు ఎక్కడైనా తగిలితే చెప్పండి.

అంచు గురించి ఇంత సాగదీస్తున్నాడేంది అనుకుంటున్నారేమో. 2023లో జరిగింది చెప్తాను. ఇందాక చెప్పిన వ్యాన్స్ కంపెనీకి కోవిడ్ తర్వాత ఆర్డర్లు మీదపడ్డాయి. పంచ్ మిషన్లు చాలక కొన్ని పార్టులను లేజర్‌తో కోయించారు. లేజర్ బెజ్జం కోసేటప్పుడు మొదలుపెట్టి ముగించే చోట ఒక చిన్న గాటు, వేడికి గట్టిపడిన అంచు మిగులుతుంది. రివెట్ తల రేకులో మునగడానికి బెజ్జం చుట్టూ గుంట నొక్కుతారు, డింపుల్ అంటారు. ఆ గుంట నొక్కేసరికి గాటు దగ్గర పగుళ్లు కనపడ్డాయి. ఎంతోమంది గ్యారేజీల్లో సగం కట్టిన రెక్కలు. కంపెనీ పరీక్షలు చేసింది, పార్టులు మార్చిస్తామంది, వేరే ఖర్చులు కూడా కలిసి ఆ డిసెంబరులో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లింది, తర్వాత తేరుకుంది. అనుభవంలో లోటున్న కంపెనీ కాదు, యాభై ఏళ్లుగా ఇదే పని. గాటు మాత్రం అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలంత. మీలో లేజర్ కటింగ్ పెట్టుకున్నవాళ్లున్నారు. బయటి ఆకారం లేజర్‌తో కొయ్యండి, అంచు ఆకురాయి పట్టండి. బెజ్జాలు మాత్రం చిన్నగా వదిలి, డ్రిల్లుతో తుది కొలతకు తీసుకురండి.

ఇప్పుడు అందరూ అడిగేది, త్రీడీ ప్రింటింగ్. తక్కువ ధరకే మిషను వస్తోంది, కుర్రాళ్లు ఇంట్లోనే పెట్టుకున్నారు. 2025 మార్చి 18న ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్ ఎయిర్‌పోర్టులో కోజీ మార్క్ 4 అనే సొంతంగా కట్టిన విమానం దిగేముందు ఇంజన్ పవర్ మొత్తం పోయి రన్‌వేకు ముందే కూలింది. పైలట్ చిన్న దెబ్బలతో బయటపడ్డాడు, అదృష్టం. ఇంజన్‌కు గాలి పోయే దారిలో ప్లాస్టిక్ మోచేతి గొట్టం ఒకటి ఉంది, త్రీడీ ప్రింట్ చేసింది. అది మెత్తబడి ముడుచుకుపోయింది. విమాన ప్రదర్శనలో కొన్న పార్టు అది. 105 డిగ్రీల దాకా మెత్తబడని ప్లాస్టిక్ అని కొన్నాయన అనుకున్నాడు. దర్యాప్తువాళ్లు ముక్కలు తీసి పరీక్షిస్తే ఒకటి 52.8 డిగ్రీలకు, ఇంకొకటి 54 డిగ్రీలకు మెత్తబడింది. రోహిణి కార్తెలో ట్రంకు రోడ్డు మీద మధ్యాహ్నం అద్దాలెత్తి పెట్టిన కారు డాష్‌బోర్డు అంతకన్నా వేడెక్కుతుంది. ఇంజన్ పక్కన సంగతి చెప్పేదేముంది.

అంటే త్రీడీ ప్రింటర్ వద్దనడం లేదు. నా దగ్గరా ఉంది. డ్రిల్లు జిగ్గులు, టెంప్లేట్లు, వంచే బ్లాకు నమూనాలు, గ్లాస్ ఫైబర్ వెయ్యడానికి అచ్చులు, వీటికి దాన్ని మించింది లేదు. ఎగిరే పార్టు చెయ్యకుండా, ఎగిరే పార్టును చెయ్యడానికి సాయపడే పార్టు చెయ్యండి.

బోల్టుల గురించి త్వరగా చెప్పేస్తాను. విమానం బోల్టు, ఏఎన్ రకం, బలంలో బ్రహ్మాండం అనుకుంటారు. మన షాపులో దొరికే 8.8 బోల్టు 800 మెగాపాస్కల్స్, ఏఎన్ బోల్టు దాదాపు 860. తేడా అక్కడ లేదు. ఏఎన్ బోల్టుకు మర లేని నున్నటి కాడ అంగుళంలో ఎనిమిదో వంతు తేడాతో రకరకాల పొడవుల్లో దొరుకుతుంది. రేకుల మందానికి సరిపడా కాడ ఎంచుకుంటే మర బెజ్జంలోకి రాదు. మన బోల్టు వేస్తే మరలు బెజ్జం లోపల కూర్చుని రంపంలా కోస్తాయి. తిరిగే జాయింటు అయితే క్యాజిల్ నట్టు, స్ప్లిట్ పిన్ను. లోపల నైలాన్ రింగుండే నైలాక్ నట్టు ఒక్కటే నమ్ముకోవద్దు. ఇంకొకటి, బిగింపు. అంగుళంలో 3/16 బోల్టుకు రెండున్నర న్యూటన్ మీటర్లు చాలు. మనవాళ్లు రింగు స్పానర్ తీసుకుని మోచెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పుతారు, బోల్టు అక్కడే సాగిపోతుంది.

పార్టు మంచిదే అయినా పెట్టిన చోటు తప్పయితే? జాన్ డెన్వర్ అని అమెరికాలో పెద్ద గాయకుడు. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో తన లాంగ్-ఈజీ విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. ఆయన కట్టింది కాదు, ఇంకొకరు కట్టింది కొనుక్కున్నాడు. డిజైన్ చేసిన బర్ట్ రుటాన్ ప్లాన్లలో ఇంధనం ట్యాంకు మార్చే హ్యాండిల్ పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. కట్టినాయన దాన్ని ఎడమ భుజం వెనక పెట్టాడు, గుర్తులూ లేవు. అది అందుకోడానికి ఒళ్లు తిప్పితే కాలు విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను నొక్కుతుంది. దర్యాప్తు నివేదిక ఈ మాటే చెప్పింది. కట్టినాయన మంచిదనుకుని చేసింది, తర్వాత కొన్నవాడికి ప్రాణాంతకమైంది. మనం చేసిన పార్టు మనం చూడని మనిషి చేతికి పోతుంది, అందుకని దాని మీద గుర్తులుండాలి, దాని వెనక కాగితం ఉండాలి. డ్రాయింగు నంబరు, ఎన్నోసారి మార్చింది, ఏ బ్యాచ్ రేకు, తారీకు, గ్రాముల్లో బరువు. గ్రాములెందుకంటే బరువు ఎంత అనే దానికన్నా ఎక్కడ పెట్టాం అనేది ముఖ్యం. తోక దగ్గర కలిపిన ఒక కిలో, సీటు కింద కలిపిన కిలోతో సమానం కాదు, విమానం గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది. పార్టులు తూచకుండా పెట్టుకుంటూ పోతే చివరన లెక్క కుదరదు.

నేను చెప్పాల్సినవి దాదాపు అయిపోయాయి. అడగండి.

‘సార్, మేము సాలిడ్‌వర్క్స్‌లో స్ట్రెస్ అనాలిసిస్ చేస్తాం, పార్టు మీద ఒత్తిడి ఎక్కడెంతో కంప్యూటర్ రంగుల్లో చూపిస్తుంది. అందులో ఎర్రరంగు రాకపోతే సరిపోదా?’

మంచి ప్రశ్నమ్మా. అందులో బ్రాకెట్‌ను ఎక్కడ బిగించావని చెప్తావు? ‘ఫిక్స్‌డ్’ అని నొక్కుతావు. అంటే కదలని కొండకు బిగించినట్టు. నిజంలో అది 0.4 ఎమ్మెమ్ రేకుకు బిగించి ఉంది. నువ్వు తప్పు చెప్పినా అది అందమైన రంగులే చూపిస్తుంది. అనాలిసిస్ చెయ్యి, తర్వాత ఒక ముక్క అదనంగా తయారు చేసి, అసలు రేకులాంటి రేకుకే బిగించి, ఇసుక సంచి వేలాడదియ్యి. రెక్కలకే ఇసుక బస్తాలు పేర్చి పరీక్షించేవాళ్లు, మన బ్రాకెట్ ఎంత. పదమూడున్నర కిలోల ఇసుక, పెన్నా ఒడ్డున ఉండి ఇసుకకు కరువా! ధర అడగొద్దు. తీశాక శాశ్వతంగా వంగిందేమో కొలువు. అది బరువుకు పరీక్ష. అదురుకు పరీక్ష ఏందంటే, ఇంజన్ పాతిక గంటలు తిరిగాక విప్పి, భూతద్దం పెట్టి మడతలూ బెజ్జాలూ చూడటం. అందుకే విప్పడానికి వీలుగా డిజైన్ చెయ్యమంటాను.

‘అన్నా, ఇందులో డబ్బులుంటాయా? సూటిగా చెప్పండి.’

సూటిగానే చెప్తా తమ్ముడూ. లారీ బాడీ పనిలో వచ్చినట్టు రావు. ఆర్డర్ అంటే నాలుగు ముక్కలు, ఆరు ముక్కలు. ఒక ముక్కకు కోత పావుగంట, డ్రాయింగు రెండ్రోజులు, ఫోన్లు లెక్కలేనన్ని. కొరియర్ ఖర్చు పార్టు ధరను మించుతుంది. కాగితం పోయినా, బ్యాచ్ నంబరు తెలియకపోయినా ముక్క అమ్మకూడదు, పారెయ్యాలి. అది తట్టుకోగలిగితే దిగు. ఇక్కడ నేర్చిన శుభ్రత నీ మిగతా పనికి మాత్రం ఉపయోగపడుతుంది. నా షాపులో గ్రానైట్ మిషన్ల పార్టులకు కూడా ఇప్పుడు డ్రాయింగు నంబరు వేస్తున్నాం. చీమకుర్తి నుంచి వచ్చేవాళ్లు మొదట నవ్వారు, ఇప్పుడు నంబరు చెప్పి ఫోన్లోనే ఆర్డర్ ఇస్తున్నారు.

‘సార్, మన దగ్గర కట్టి ఎగరెయ్యొచ్చా? కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే కూడా ఉంది గదా!’

(నవ్వులు) అది వాయుసేన అత్యవసరానికి కట్టింది నాయనా, 2022 డిసెంబరులో ట్రయల్ చేశారు. నువ్వు పోయి దిగితే పోలీసులు నీకు ట్రయల్ చేస్తారు. మన దేశంలో విమానాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా ఏదీ లేవకూడదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు, 2017లో రిజిస్ట్రేషన్ వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చింది. అంత ఓపిక ఉంటే కట్టు. లేకపోతే పార్టులతో మొదలుపెట్టు.

‘ఏ పార్టుతో మొదలుపెట్టమంటారు?’

ఇన్‌స్పెక్షన్ కవర్. రెక్క అడుగున చెయ్యి దూర్చి చూడ్డానికి గుండ్రటి బెజ్జం ఉంటుంది, దాని మూత. ఊడినా విమానం పడదు. కానీ అందులో అన్నీ ఉన్నాయి. గ్రేడు రేకు వెతకాలి, గుండ్రంగా కొయ్యాలి, అంచు నునుపు చెయ్యాలి, స్క్రూ బెజ్జాలు సమానంగా పొడవాలి, గుంటలు నొక్కాలి, ప్రైమర్ వెయ్యాలి. ఒకదానికి చేసిన మూత ఇంకోదానికి కూడా అతకాలి. రెండు చెయ్యండి. తూచి, బరువు డ్రాయింగు మీద రాసి, నా షాపుకు పట్టుకురండి. ఆదివారాలు రావొద్దు, మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత ఉంటాను. రెండు మూతలకూ బరువు తేడా రెండు గ్రాములు దాటితే ఎందుకు దాటిందో కూడా రాసుకుని రండి.